మా వదినకు చెప్పని జబ్బు పేరు

మా వదిన విమల పెరుగన్నం సగంలో వదిలేసి లేచిన రోజు నాకు బాగా గుర్తుంది. 1968, శ్రావణ శుక్రవారం. ఆమె మీద ప్రేమతో గుర్తుపెట్టుకున్నది కాదు. ఆ రోజు పెరుగు మీది మీగడంతా అమ్మ ఆమె కంచంలోనే వేసింది. ఆమె రెండు ముద్దలు తిని, "కడుపు నిండింది అత్తమ్మా" అని లేచింది. ఆ మీగడ అలాగే కంచంలో ఉండిపోయింది. నాకు కోపం వచ్చింది. ఆమెకు ఏమైందోనన్న ఆలోచన మాత్రం రాలేదు.

మాది నాంపల్లి స్టేషన్ వెనక సందులో కిరాయి ఇల్లు. నాయన పోయాక అన్న శంకర్ ఆబిడ్స్‌లో చిన్న పెన్నుల దుకాణం పెట్టుకున్నాడు. పెన్నులు అమ్ముతాడు, పాడైనవి బాగుచేస్తాడు. పెండ్లికి ముందు ప్రతి ఆదివారం నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని మొజంజాహీ మార్కెట్‌కు తీసుకెళ్లి ఐస్‌క్రీం ఇప్పించేవాడు. తిరిగొచ్చేటప్పుడు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకం ఒకటి కొనిపెట్టేవాడు. ఆ వైశాఖంలో పెండ్లయింది. అప్పటినుంచి ఆదివారం సైకిల్ వెనక వదిన కూర్చునేది. ఇంటికి మల్లెపూలు వచ్చేవి, పుస్తకం రాలేదు.

నాకు మనుషులతో మాట్లాడటం చాతకాదు. ఎవరైనా వస్తే వంటింట్లోకి వెళ్లిపోతాను. మాట్లాడలేనివన్నీ డైరీలో రాసుకుంటాను. ఆ ఏడాది డైరీ సగం వదిన గురించే ఉంది. ఇప్పుడు తీసి చూస్తే ఇలా కనిపిస్తుంది.

"ఆగస్టు 16. రెండు ముద్దలు. మీగడ పారేసింది."

"ఆగస్టు 29. సాయంత్రం ఒళ్లు వెచ్చబడిందని పడుకుంది. నీళ్లు నేనే పట్టాను, ఎనిమిది బిందెలు."

"సెప్టెంబరు 11. జాకెట్టు చేతులు వదులయ్యాయి. సన్నబడటం కూడా ఆమెకే చేతనవుతుంది."

"సెప్టెంబరు 20. ఎడమ పక్కకు తిరిగి పడుకోలేనంటుంది. అన్న తన దిండు కూడా ఇచ్చేశాడు."

ఆ నెల ఆమెకు నెలసరి రాలేదు. అన్నం సయించడం లేదు, కళ్లు తిరుగుతున్నాయి, కడుపు కొంచెం ఎత్తుగా కనిపిస్తోంది. అమ్మకు ఇక అనుమానం లేకపోయింది. వదినను దేవుని అర్ర ముందు కూర్చోబెట్టి బొట్టు పెట్టి, "మూడు నెలలు దాటేదాంక మొగోళ్లకు చెప్పొద్దు బిడ్డా. దవాఖాన గడప తొక్కొద్దు. దిష్టి తగుల్తది" అంది.

అన్నకు చెప్పలేదు కానీ సందులో ఆడవాళ్లందరికీ వారంలో తెలిసిపోయింది. పక్కింటి అండాళమ్మ చింతకాయ తొక్కు తెచ్చి ఇచ్చి, వదిన ముఖం పట్టుకుని చూసింది.

"మొకం గింత తెల్లగ పాలిపోయిందేందమ్మా?"

"మొదటి కాన్పు గదా, గట్లనే పీలుస్తది" అంది అమ్మ.

అండాళమ్మ నా వైపు తిరిగింది. "ఈ ఆడబిడ్డ మొకం చూడుండ్రి. వేవిళ్లు ఈమెకే వచ్చినట్టున్నయ్."

అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది. నేను బిందె తీసుకుని నల్లా దగ్గరకు వెళ్లిపోయాను. బరువు ఎత్తొద్దని ఆమెను కూర్చోబెట్టారు కాబట్టి ఆమె పనులన్నీ నా మీద పడ్డాయి. రోజూ చూస్తూ ఉండటం, రాసుకోవడం నా అలవాటైపోయింది. ఎంత తిన్నది, ఎప్పుడు పడుకున్నది, అమ్మ ఏమి పెట్టింది, అన్న ఏమి తెచ్చాడు. తొడ మీద ఎక్కడా తగలకుండానే కమిలిన మచ్చ లేచిందని కూడా రాశాను. అన్నకు చూపించి జాలి తెచ్చుకుంటోందని దాని పక్కనే రాశాను.

కార్తీకంలో ఒకరోజు వదిన తులసికోట దగ్గర దీపం పెడుతూ కూలబడింది. ముక్కులోంచి రక్తం ఆగలేదు. అప్పుడు అన్నకు అన్నీ చెప్పాల్సి వచ్చింది. హిమాయత్‌నగర్‌లో ఉన్న లేడీ డాక్టర్ దగ్గరకు రిక్షాలో తీసుకెళ్లాం. ఆమె వదిన పొట్ట మీద చేత్తో నొక్కుతూ చాలాసేపు చూసింది. అమ్మను పిలిచింది.

"ఎవరు చెప్పిన్రమ్మా మీకు గర్భమని?"

"తెలుస్తలేదా డాక్టరమ్మా, కడుపు కనబడ్తనే ఉంది గదా."

"బిడ్డ కింది నుంచి పైకి పెరుగుతది. ఇది ఎడమ దిక్కు పక్కటెముకల కింద నుంచి కిందికి దిగింది. ఇది స్ప్లీన్, ప్లీహం అంటరు, ఉబ్బింది. గర్భసంచి మామూలుగనే ఉంది. ముందు బ్లడ్ టెస్ట్ చేయించున్రి, ఇయ్యాలనే."

వదిన బల్ల మీద అలాగే పడుకుని పైకప్పు చూస్తూ ఉండిపోయింది. ఆమె కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. నాకు ఆ క్షణాన ఒళ్లు తేలికపడ్డట్టయింది. అది నిజం. దాన్ని రాయకపోతే మిగిలినది రాసి ప్రయోజనం లేదు.

ఆబిడ్స్‌లో రక్తపరీక్ష చేయించాం. రిపోర్టు ఇస్తూ అక్కడి మనిషి రెండోసారి చేసి చూశానని, వెంటనే పెద్ద దవాఖానకు పొమ్మని అన్నకు చెప్పాడు. మర్నాడు వెళ్లాం. అమ్మ రాలేదు, ఆడమనిషి తోడుండాలని నన్ను పంపింది. అక్కడి డాక్టరుగారు రిపోర్టు చూసి అడిగారు.

"ఇది ఎప్పటి సంది మొదలైంది?"

"పది, పదిహేను రోజులైతుండొచ్చు సార్" అన్నాడు అన్న.

"పదిహేను రోజుల్ల స్ప్లీన్ గింత కాదు. జ్వరం ఎప్పుడొచ్చింది? తిండి ఎప్పుడు తగ్గింది?"

అన్న వదిన వైపు చూశాడు. వదిన తెలియదన్నట్టు తల ఊపింది. నా డైరీ నా సంచిలోనే ఉంది. ఇంట్లో పెడితే ఎవరైనా చదువుతారని ఎక్కడికి పోయినా వెంట తీసుకుపోయేదాన్ని. "ఆగస్టు పదహారు" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఆయన మళ్లీ అడిగారు. డైరీ తీసి, మీగడ సంగతి వదిలేసి, తారీఖులు చదవడం మొదలుపెట్టాను. నేను తడబడుతున్నానని ఆయన చెయ్యి చాపి పుస్తకం తీసుకుని తనే చదువుకున్నారు. అన్న ఆయన భుజం పక్కనుంచి చూస్తున్నాడు. నేను నేల వైపు చూస్తూ నిలబడ్డాను.

డాక్టరుగారు పుస్తకం మూసి ఇచ్చారు. "మా హౌస్ సర్జన్లు గూడ గిట్ల రాయరమ్మా" అన్నారు, అంతే. అన్న మాత్రం దాని గురించి ఏమీ అనలేదు. ఈ రోజు వరకూ అనలేదు.

తర్వాత బోన్ మారో పరీక్ష. రొమ్ము మధ్య ఎముకలో సూది దించి మూలుగ తీశారు. నన్ను పక్కన నిలబడమన్నారు. వదిన నా చెయ్యి పట్టుకోలేదు, మంచం కమ్మీ పట్టుకుంది. ఆమెను ఎక్స్‌రేకు పంపాక డాక్టరుగారు అన్నను, నన్ను కూర్చోమన్నారు.

"క్రానిక్ మైలాయిడ్ లుకీమియా. అంటే బ్లడ్ కాన్సర్. తెల్ల కణాలు పదివేల లోపు ఉండాల్సినవి రెండు లక్షలు దాటినయ్. ఇది అంటుకునే జబ్బు గాదు, కంచం గిలాసు వేరు పెట్టకున్రి. బుసల్ఫాన్ అని మాత్రలున్నయ్. వాటితోని కౌంట్ దిగుతది, స్ప్లీన్ తగ్గుతది. పూర్తిగ పోతదని చెప్పను. రక్తపరీక్ష చేయిస్తనే ఉండాలె, నేను చెప్పకుండ మందు ఆపొద్దు. మాత్రలు వాడినన్నాళ్లు గర్భం రాకూడదు. ఇవన్ని ఆమెకు చెప్పాలె. నేను చెప్పాల్నా?"

"నేనే చెప్త సార్" అన్నాడు అన్న.

చెప్పలేదు. ఇంటికొచ్చి అమ్మతో, వదినతో "రక్తం తక్కువుంది, బలానికి మాత్రలిచ్చిన్రు" అన్నాడు. బయటకు వచ్చి నాతో, "చెల్లె, నీ నోట్ల నుంచి రావద్దు. ఆ పేరు వింటెనే పోతది అది" అన్నాడు. పెండ్లయ్యాక అన్న నాకు చెప్పిన మొదటి రహస్యం అది. వదినకు తెలియనిది మా ఇద్దరికే తెలుసు. జబ్బు విషయమని కూడా మరచి నేను దాన్ని దాచిపెట్టుకున్నాను.

అఫ్జల్‌గంజ్ లైబ్రరీకి వెళ్లి లావుపాటి ఇంగ్లిషు పుస్తకంలో ఆ పేరు వెతికాను. ఉన్నది ఒకటిన్నర పేజీ. మూడుసార్లు చదివాను. ఎన్నాళ్లు బతుకుతారో రాసిన వాక్యం దగ్గర పుస్తకం మూసేశాను.

రక్తం ఎక్కించడానికి వదినను దవాఖానలో చేర్చుకుని పన్నెండు రోజులు ఉంచుకున్నారు. రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఒకటి అన్న ఇచ్చాడు. ఆమె ఒంట్లో అన్న రక్తం పారుతోందని ఆ రోజు డైరీలో రాశాను. నాకు పుట్టుకతోనే ఆ సంబంధం ఉందన్నది అప్పుడు తోచలేదు. అన్న దుకాణం మూసి పగలంతా ఆమె మంచం పక్కన కూర్చునేవాడు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఎన్ని రోజులు కూర్చున్నాడో లెక్కపెట్టుకున్నాను. నాలుగు రోజులు.

మాత్రలు పనిచేశాయి. సంక్రాంతి దాటేసరికి స్ప్లీన్ సగానికి సగం తగ్గింది. వేసవికి చేతికి తగలడం లేదన్నారు. కౌంట్ పన్నెండు వేలకు దిగింది. మాత్ర తగ్గించి, రోజుకొకటి వేసుకొమ్మన్నారు. వదిన అన్నం తింటోంది, నవ్వుతోంది, జాకెట్లు మళ్లీ బిగుతయ్యాయి. ఎవరి కంటికీ ఆమె రోగిలా కనిపించలేదు. అక్కడే మాకు దెబ్బ తగిలింది.

ఒళ్లు బాగుపడ్డ మనిషి బలం మాత్రలు ఎందుకు వేసుకుంటుంది? పైగా అండాళమ్మ ఒకరోజు, "ఇంగ్లీషు గోలీలు వేడి చేస్తయ్ విమలా, కడుపు నిలువది" అని చెప్పింది. ఆమె వెళ్లాక వదిన మాత్రల సీసా బియ్యం డబ్బా వెనక్కు జరపడం నేను చూశాను. నెల తర్వాత కూడా ఆ సీసా నిండుగానే ఉంది. అన్న అడిగితే "వేసుకుంటున్న" అని చెప్పింది. దుకాణంలో పని ఎక్కువై అన్న రక్తపరీక్షకు తీసుకెళ్లడం కూడా ఒక నెల, ఇంకో నెల వాయిదా వేశాడు.

నేను చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. నోరు విప్పొద్దని అన్నే అన్నాడు కదా అనుకున్నాను. అది సాకు. ఆ రోజుల్లో అన్న ఆమెను మళ్లీ సైకిల్ మీద తిప్పుతున్నాడు. నా డైరీలో ఆ నెలంతా నా చదువు గురించే ఉంది, వదిన పేరే లేదు. రాయకూడదని పట్టుబట్టి రాయలేదు.

1969 దసరా తర్వాత అన్న సామాను తేవడానికి బొంబాయి వెళ్లాడు. ఆ పదిహేను రోజుల్లో వదిన అమ్మ చెవిలో ఏదో చెప్పింది. అమ్మ మళ్లీ దేవుని అర్ర తుడిచింది. "ఈసారి నిజం. పోయినసారి రక్తం తక్కువై మోసపోయినం. ఇప్పుడు ఒంట్ల రక్తం పట్టింది గదా" అంది. నాలుగు నెలలుగా నెలసరి లేదట. కడుపు ఎత్తుగా ఉంది. ఐదుగురు ముత్తయిదువలను పిలిచి ఒడి నింపుతానంది. గర్భిణి కొంగులో బియ్యం, కొబ్బరి, రవికెగుడ్డ పెట్టడం మా ఇళ్లలో ఆనవాయితీ. అన్న వచ్చేలోపు అయిపోవాలని, వచ్చాక సంతోషం చెప్పవచ్చని అమ్మ ఆశ.

నాకు భయం వేసింది. వదిన మళ్లీ రెండు ముద్దలకే లేస్తోంది. అండాళమ్మ దగ్గరకు పోయి వచ్చేసరికి ఆయాసపడుతోంది. అన్నకు ఉత్తరం రాద్దామని కార్డు కొన్నాను. అది పోస్టు చెయ్యలేదు.

ఒడి నింపే రోజు పొద్దున్న అమ్మ పెట్టె తెరిచి ఆకుపచ్చ పట్టుచీర తీసింది. అది నాయనమ్మ చీర. చిన్నప్పటినుంచి నాదని చెబుతూ వచ్చింది.

"సుగుణా, ఇగో, వదినెకు కట్టు."

"అది నాకన్నవు గదనే."

"నీకింకోటి తీస్త తీయ్. కడుపుతోని ఉన్న పిల్ల ముంగట పంచాయితి వెట్టకు."

చీర తీసుకుని లోపలికి వెళ్లాను. తలుపు వేసి వదిన నడుము చుట్టూ చుట్టి కుచ్చిళ్లు పోస్తున్నాను. ఎడమ వైపు కుచ్చిళ్లు ఆగడం లేదు, కడుపు రాయిలా ఉంది. వదిన నా చెయ్యి తీసుకుని అక్కడ పెట్టుకుంది.

"ఈడనే సుగుణా. నీ అల్లుడు ఈ దిక్కే తంతున్నడు. మేనత్త అంటె గంత కోపం వానికి."

ఆమె నవ్వుతోంది. ఆకుపచ్చ చీర ఆమెకు చాలా బాగుంది.

"వాడు లేడు వదినె" అన్నాను. "బిడ్డ గాదది. స్ప్లీన్. నీకున్నది రక్తం తక్కువ గాదు. రక్తం కాన్సర్."

ఆ మాట నేను ఆమెను కాపాడటానికి అనలేదు. చీర కోసం అన్నాను. నోట్లోంచి బయటకు వచ్చాక గానీ అది ఎలాంటి మాటో నాకు తెలియలేదు.

వదిన నా చెయ్యి వదిలింది. "ఎవలెవలకు ఎరుక?"

"అన్నకు. నాకు."

"ఎప్పటి సంది?"

"పోయిన కార్తీకం సంది."

ఆమె చీర విప్పింది. కుచ్చిళ్లు ఒక్కొక్కటే విప్పి, కొసలు కలిపి, ఎప్పటిలాగే చక్కగా మడత పెట్టింది. నా చేతుల్లో పెట్టింది.

"కట్టుకో. సంవత్సరం దాచినందుకు ఇయ్యాలె గదా."

తర్వాత గోడకు ఆనుకుని కూర్చుంది. నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. బయట ముత్తయిదువలు వచ్చిన చప్పుడు వినిపించింది. అమ్మ తలుపు కొట్టింది. నేను తలుపు తీసి, జీవితంలో మొదటిసారి ఐదుగురి ముందు నిలబడి గట్టిగా మాట్లాడాను. "ఒడి నింపుడు లేదు. వదినెను దవాఖానకు తీస్కపోవాలె. రిక్షా పిలువున్రి" అన్నాను. అమ్మ చేతిలో బియ్యం పళ్లెం అలాగే ఉంది.

రిక్షాలో అదే పెద్ద దవాఖానకు వెళ్లాం. డాక్టరుగారు రక్తం తీయించి, పొట్ట చూసి, మందు ఎప్పుడు ఆపారని అడిగారు. వదిన లేచి కూర్చుంది.

"ముందు మీరు చెప్పున్రి సార్. నా రోగం పేరేంది?"

ఆయన నా వైపు చూశారు. తర్వాత కుర్చీ ఆమె దగ్గరకు జరుపుకుని, మాతో చెప్పినదంతా ఆమెతో చెప్పారు. ఆమె అడిగినదానికల్లా జవాబిచ్చారు.

"ఎన్నేండ్లు బతుకుత?"

"నాకు తెల్వది. తెలుసన్నోళ్లను నమ్మకు. మందు వేసుకుంట ఏండ్లకేండ్లు నా దగ్గరికి వచ్చిపోయేటోళ్లున్నరు. మానేస్తె ఏమైతదో నువ్వే చూసినవ్."

"పిల్లలు?"

"ఈ మాత్రలతోని వద్దమ్మా."

కౌంట్ మళ్లీ లక్షన్నర దాటింది. మళ్లీ అదే మందు, మొదటినుంచి. ఈసారి స్ప్లీన్ తగ్గడానికి ఎక్కువ కాలం పట్టింది. ఫిబ్రవరిలో కౌంట్ మరీ కిందికి పడిపోయి చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది. నెలన్నర మందు ఆపి, చూసి, మళ్లీ మొదలుపెట్టారు. ఆపమన్నదీ మొదలుపెట్టమన్నదీ డాక్టరే.

అంతకు ముందే, అన్న బొంబాయి నుంచి వచ్చిన సాయంత్రం వదిన అతనికి నీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఎందుకు దాచినవ్?"

"భయపడ్తవని."

"భయపడితె మందు మానకపోదును" అంది వదిన.

ఆమె నాతో మామూలుగా మాట్లాడటానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ రక్తపరీక్షకు నేనే వెంట వెళ్లాను, పక్కపక్కన నడుస్తూ, మాటల్లేకుండా. ఒకరోజు ఆబిడ్స్ దాటుతుండగా, "నువ్వు చెప్పకుంటె ఆ దినం ఒడి నిండేది. నేను పోయేదాన్ని" అంది. "చీర కోసం చెప్పిన వదినె" అన్నాను. "ఎరుక" అంది. నడక ఆపలేదు.

ఇది రాస్తున్నది 1972లో. వదిన ఉంది. రోజూ మధ్యాహ్నం అన్న దుకాణంలో కూర్చుని, బాగైన పెన్నుల్లో సిరా పోసి రాసి చూస్తుంది. నెలనెలా తనే వెళ్లి కౌంట్ చేయించుకుని, ఒక నోటుబుక్కులో తన చేత్తోనే రాసుకుంటుంది. డాక్టరుగారు ఆమె దస్తూరీ మెచ్చుకుంటే నాకు ఇప్పటికీ చురుక్కుమంటుంది. ఆదివారాలు వాళ్లిద్దరూ కలిసి బయటకు వెళ్తే ఇప్పటికీ కిటికీలోంచి చూస్తాను. అసూయ పోయిందని అబద్ధం రాయలేను. అలసట ఎక్కువైన రోజులు ఆమెకు ఉన్నాయి. ఈ మందు ఎన్నాళ్లు పనిచేస్తుందో ఎవరికీ తెలియదు, ఆమెకూ ఆ సంగతి తెలుసు.

ఇది చదివేవారి ఇంట్లో ఇలాంటి జబ్బు ఎవరికైనా ఉంటే నేను చెప్పగలిగింది ఒక్కటే. జబ్బు పేరు రోగికి చెప్పండి. మీకు చెప్పలేకపోతే డాక్టరుతో చెప్పించండి. చెప్పినప్పుడు పక్కన కూర్చోండి. ఏడిస్తే ఏడవనివ్వండి. మర్నాడు పొద్దున్న ఎవరూ గుర్తుచేయకుండానే లేచి మాత్ర వేసుకుంటారు.